కండక్టరన్న గొంతుకు రెండు తాళాలు

పొద్దు పొడవకముందే లేచి వాకిలి ఊడ్చడం ప్రేమకుమారికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్న పని. ఆమె పొరక పట్టుకునే వేళకు మొగుడు యెషయా వసారాలో చాప పరుచుకుని మోకాళ్ళూనేవాడు. పొరక చప్పుడూ ఆయన ప్రార్థనా ఒకేసారి మొదలయ్యేవి. కానుగచెట్టు కింద రాలిన పూలన్నీ కుప్పజేసి చాటలోకి ఎత్తేసరికి ఆయన ఆమెన్ అనేవాడు. ఆ మాట చెవినబడితే ఆమె లోపలికి పోయి కాఫీకి నీళ్ళు పెట్టేది. అంతకుమించి ఆయన ఏమని ప్రార్థిస్తున్నాడో ఏనాడూ చెవిపెట్టి విన్నది లేదు. గోడగడియారం కొట్టుకుంటుంటే ఎవరు కూర్చుని వింటారు?

యెషయా పోయి ఏడాది కావస్తోంది. ఆళ్లగడ్డలో ఆ ఇల్లు అదే, పొరక అదే, కానుగచెట్టు అదే. ఆయన ఫోను మాత్రం ఇప్పుడు ప్రేమకుమారి నడుం దగ్గర కొంగులో చెక్కి ఉంటుంది. అందులోంచి ఆయన గొంతు సన్నగా వస్తుంటే ఆమె ఊడుస్తుంది. మధ్యలో ఎవరి పేరైనా వచ్చిందంటే పొరక ఆగిపోతుంది. ఆగి, విని, ఆ మనిషిని తలుచుకుని, మళ్ళీ కదులుతుంది. అట్లా ఆగుతూ కదులుతూ, పక్కిండ్లవాళ్ళు టిఫిన్లు తినే వేళకు గానీ ఆ వాకిలి తెమలడం లేదు.

యెషయా ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య తిరిగి తిరిగి రిటైరైన మనిషి. మందిరంలో పాటలెత్తుకునేదీ ఆయనే. కష్టం చెప్పుకోవడానికి బస్సు కంటే మంచి చోటు లేదనేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళ ముఖం చూడాల్సిన పని లేదు, కిటికీలోకి చూస్తూ చెప్పేయొచ్చు. సంచి పట్టుకుని ముందు సీటులో కూర్చున్న ఆడవాళ్ళు చిల్లర తీసుకుంటూ తీసుకుంటూ ఒక మాట ఆయన చెవిన వేసేవాళ్ళు. ఒకామెకు కొడుకు తాగుడు, ఇంకొకామెకు కూతురి కడుపు నిలవకపోవడం. మందిరానికి వచ్చేవాళ్ళే కాదు, బొట్టు పెట్టుకునేవాళ్ళూ చెప్పుకునేవాళ్ళు, బురఖా వేసుకునేవాళ్ళూ చెప్పుకునేవాళ్ళు.

"సరేమ్మా, రేపు పొద్దన్నే తండ్రి దగ్గర పెడతా," అనేవాడు. మరుసటి పొద్దున పేరు పేరునా పెట్టేవాడు.

ఊరన్నాక ఊరుకోదు గదా. "ఏమన్నా, ఫలానా వాళ్ళ పిల్ల సంగతి నీకు తెలుసంట గదా?" అని టీ బంకు దగ్గర గిల్లేవాళ్ళు.

"నా దగ్గర యాడుంది అప్పా? వచ్చింది వచ్చినట్టు పైకి పంపించేసినా. కావాలంటే పోయి ఆయన్నే అడుగు," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ ఆ తర్వాత ఎంత గోకినా నోరు మెదిపేవాడు కాదు.

అట్లాంటి మనిషికి గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందని కర్నూలు డాక్టర్లు చెప్పారు. ఇంటికొచ్చి ఆ మరుసటి పొద్దు నుంచీ ప్రార్థన చేసేటప్పుడు ఎదురుగా ఫోను పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఇదేంది కొత్తగా?" అందామె.

"నా గొంతు పోతే నా బదులు ఇది మోకాళ్ళ మీద కూర్చుంటుందిలే. నమ్ముకున్నోళ్ళను మధ్యలో దించేస్తే ఎట్ల?" అన్నాడు.

ఆపరేషన్ దాకా పోనేలేదు. ఫోనులో మాత్రం ఆయన పొద్దులన్నీ మిగిలాయి.

యెషయా తమ్ముడు జయప్రకాష్ నంద్యాలలో టీచరు. అన్నంటే ప్రాణం. ఫోను పోయినా ఫోటోలు పోకూడదని, అన్న ఫోనును తన అకౌంటుకు కలిపి పెట్టింది అతనే. అన్న ఫోనులో పడింది ఏదైనా తమ్ముడి అకౌంటులోనూ పడేది. ఆ సంగతి అన్నకూ వదినకూ సరిగ్గా తెలియదు. యెషయా పోయాక ఆయన్ను తలుచుకోవడానికి పెట్టిన ఆదరణ కూడిక నాడు వీధిలో షామియానా వేసి, మైకు పెట్టి, "మా అన్న గొంతు అందరమూ ఒకసారి విందాము," అని జయప్రకాష్ ఒక రికార్డింగు పెట్టాడు. మొదట్లో ఉన్న పాట విని, బాగుందని అదే ఏరుకున్నాడు. తర్వాత ఉన్నది ప్రార్థన. ప్రార్థనను ముందుగా సరిచూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

పాట అయిపోయి ప్రార్థన మొదలవగానే షామియానా కింద అందరి తలలూ వంగాయి. అందరి కళ్ళూ మూసుకున్నాయి. స్పీకరు పెట్టెల్లోంచి యెషయా గొంతు బజారు దాకా వినబడుతోంది. "తండ్రీ, రామసుబ్బమ్మక్క రొమ్ములో గడ్డ కనపడినాదంట. ఇంట్లో మొగునికి చెప్పలేక, కొడుక్కి చెప్పలేక లోపల్లోపల కుమిలిపోతాంది..."

ప్రార్థన మధ్యలో లేచేవాళ్ళు ఆ మందిరంలో ఎవరూ ఉండరు. మైకు పక్కనున్న జయప్రకాష్ కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆమెన్ దాకా ఆ ప్రార్థనను ఆపే చెయ్యి లేకపోయింది. ఆ షామియానాలో కళ్ళు తెరుచుకుని ఉన్నవాళ్ళు ఇద్దరే. కోయిలకుంట్ల దారిలో ఉన్న పల్లె నుంచి, కండక్టరన్న మీద గౌరవం కొద్దీ వచ్చి వెనక నిలబడిన రామసుబ్బమ్మ, ఆమె మొగుడు రంగయ్య. భూమీ కాడీ ఉన్న రైతుకుటుంబం. రంగయ్య భార్య వైపు చూస్తున్నాడు. ఆమె నేల వైపు చూస్తోంది. భోజనానికి కూర్చోకుండానే వెళ్ళిపోయారు.

తర్వాత రామసుబ్బమ్మకు కర్నూలులో ఆపరేషన్ అయిందనీ, గండం గడిచిందనీ తెలిసింది. కానీ ఆమె మళ్ళీ ప్రేమకుమారి గడప తొక్కలేదు. వారానికొకసారి సంతకు వస్తే వసారాలో కూర్చుని కాఫీ తాగి, వేరుశెనగ బుడ్డలో, శెనగలో కొంగున కట్టి తెచ్చిచ్చి పోయే మనిషి. ఆమె రాకపోవడం ఇంకో చావులాగే తోచింది ప్రేమకుమారికి. అప్పటి నుంచీ ఆమె ఫోను శబ్దాన్ని తన నడుం దాటి పోనివ్వడం లేదు.

ఇట్లా ఉండగా ఆ ఫోను వెనక మూత పూరీలా పొంగింది. సెల్లు షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాటరీ ఉబ్బిపోయిందక్కా. లోపల జాగా కూడా నిండిపోయింది. ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఉండేదంతా బేగా యాడికైనా మార్చుకో," అన్నాడు.

జయప్రకాష్‌కు ఫోను చేసింది.

"దానికేం వదినా! అన్నీ నా అకౌంటులో భద్రంగా ఉండాయి. నీకు కొత్త ఫోను తెస్తా, దాంట్లోకి దించేస్తా. మా ఇంట్లో టీవీలో కూడా వస్తాయి, పిల్లోళ్ళు చూస్తానే ఉంటారు."

టీవీ అనే మాట వినగానే ప్రేమకుమారి ఫోను పెట్టేసింది. ఎంతమంది బతుకులు ఆ టీవీ వెనక ఉన్నాయో! ఆ పొద్దు ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అన్నీ తుడిచేస్తే ఎవరి మాటా బయటపడదు. కానీ ఆయన గొంతూ ఉండదు. ఉంచుకుంటే ఇంకో మైకు యాడో ఒకచోట ఎదురుచూస్తూనే ఉంటుంది. తుడిచే గుర్తు మీదికి వేలు పోయింది. దిగలేదు.

మరుసటి రోజు నంద్యాల బస్సెక్కింది. కండక్టరు కుర్రాడు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెడుతూ, "యెషయన్న భార్యవు కదామ్మా, ముందు కూర్చో," అన్నాడు. ఆడవాళ్ళు ఆయనకు కష్టాలు చెప్పుకున్న ముందు సీటే అది. కిటికీలోకి చూస్తూ కూర్చుంది. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

యెషయా చెల్లెలి కూతురు జెస్సికా నంద్యాలలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. రిపోర్టులు కంప్యూటరులో ఎక్కించే పని. తల్లి చిన్నప్పుడే పోతే, సెలవులన్నీ ఈ అత్త ఒళ్ళోనే గడిపిన పిల్ల. మధ్యాహ్నం బయటి బల్ల మీద కూర్చుని, టిఫిను బాక్సు ముందు పెట్టుకుని అంతా వింది.

"అత్తా, ఈడ మా దగ్గర రిపోర్టు వాళ్ళ చేతికే ఇస్తాము. మొగుడొచ్చి అడిగినా భార్యది ఇవ్వము. మామ చేసింది కూడా అదే పని. మనం ఏం జేయాలంటే, ఆ రికార్డింగులను తాళమేసి దాచే చోటు వెతకాల."

"అన్నీ తాళాలేస్తామనే చెప్తాయి గదమ్మా?"

జెస్సికా కాస్త ఆలోచించింది. "మన పక్క శెనగలు గోదాములో పెడతారే, అట్ల అనుకో. ఒక గోదాము వాడు ఊరికే పెట్టుకోమంటాడు. తాళమేస్తాడు, తాళంచెవి వాని దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా మూట విప్పి చూడొచ్చు. చిన్నమామది అట్లాంటిదే. ఇంకొకడుంటాడు. మూటకు నువ్వే నీ ఇంట్లో తాళమేసి తీసుకుపోయి ఇస్తావు. తాళంచెవి నీ దగ్గరే. మూట బరువు తెలుస్తుంది వానికి, ఎవరు తెచ్చిచ్చినారో తెలుస్తుంది. లోపల ఉండేది శెనగలో రాళ్ళో తెలీదు."

"వాడు నిజమే చెప్తాండాడని ఎట్ల తెలుసుకునేది?"

"అట్లడుగు! వాళ్ళ తాళం ఎట్ల చేసినారో బయటపెట్టి, ఎవరైనా పరీక్ష చేసుకోండి అనేవాళ్ళను నాకోసం ముందే ఏరి పెట్టుకున్నా. ఇంకో సులభమైన పరీక్ష నువ్వే చేయొచ్చు. తాళంచెవి పారేసుకున్నా అని అడుగు. ఏమంటారో చూడు."

ముందు జయప్రకాష్ అకౌంటు తెరిచే చోటుకు పోయి, పాస్‌వర్డు మాట మరచిపోయాను అన్న చోట అత్త చేత వేలు పెట్టించింది. రెండు ముద్దలు తినేలోపల ప్రేమకుమారి ఫోను మోగింది.

"వదినా! ఎవరో దొంగనాకొడుకులు నా అకౌంటు తెరవాలని చూస్తాండారు! నంబరు వచ్చింది నా ఫోనుకు!"

"దొంగను నేనేలే అప్పా," అంది ప్రేమకుమారి. జెస్సికా పొలమారి దగ్గింది.

"చూసినావా? నంబరు పంపి తెరిచిస్తానంటాండాడంటే తాళంచెవి వాని దగ్గరున్నట్టే. నంబరు ఎవరి ఫోనుకు పోతే వాళ్ళే యజమాని. మామ గొంతుకు యజమాని నువ్వు గాదు," అంది జెస్సికా నీళ్ళు తాగి.

తర్వాత తను ఏరిపెట్టుకున్న రెండో రకం గోదాములో, తన సొంత అకౌంటు మీదే అదే ప్రశ్న వేసింది. ఇంగ్లీషులో జవాబు వచ్చింది. జెస్సికా చదివి చెప్పింది. "మీ మాట మీరు మరచిపోతే మీరు దాచింది మేము తెరిచి ఇవ్వలేము. తాళంచెవి మా దగ్గర లేదు."

ప్రేమకుమారి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నా దగ్గర యాడుంది అప్పా, అని టీ బంకు దగ్గర నవ్వుతూ అన్న మనిషి గుర్తుకొచ్చాడు. ఇన్ని రోజులకు ఇంకొకడెవడో అదే మాట అన్నాడు.

"ఇదే," అంది. "ఇదే కావాల."

"అత్తా, నవ్వుతూ చెప్తాండాననుకోవద్దు. నువ్వు మరచిపోతే ఇంక దేవుడే దిగిరావాల. నాకూ చేతగాదు. నెలనెలా రవంత దుడ్లు కూడా కట్టాల."

"అంత పెద్ద మాట అంటాండావు, నాకు చదువే సరిగా రాదు. అందరికీ నోటికొచ్చే బైబిలు వాక్యం ఒకటి పెట్టుకుంటే సరి, మరచిపోయేది ఉండదు."

జెస్సికా నుదురు కొట్టుకుంది. "ఆళ్లగడ్డలో సగం మంది తాళం అదే అత్తా! మిగతా సగం మందిది పెండ్లి తారీకు. నువ్వు ఒక్కదానివే ఎరిగిన మాటలు కావాల. వరసగా ఒక ఆరు."

ఇంతలో జయప్రకాష్ స్కూలు నుంచి నేరుగా మోటారుసైకిలు మీద దిగాడు. విషయం వినేసరికి ముఖం మాడిపోయింది.

"అంటే నన్ను నమ్మడంలే నువ్వు."

"నమ్మకం మాట గాదు అప్పా. ఆ పొద్దు నువ్వు కావాలని చేసినావా? లే. అయినా జరిగినాది. నీ అకౌంటులో ఉన్నంతకాలం నువ్వు ఎంత మంచోడివైనా మళ్ళీ జరుగుతాది."

"జరిగితే ఏమాయ వదినా? మైకులో వచ్చిందానికే గదా ఆయమ్మ ఆస్పత్రికి పోయింది! బతికింది గదా!"

ప్రేమకుమారి ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. "బతికింది. దేవుని దయ. కానీ చెప్పాల్సింది ఆమె. ఆమె నోట్లోంచి మనం లాక్కుంటిమి."

జయప్రకాష్ బల్ల మీద కూలబడ్డాడు. "అది మా అన్న గొంతు కూడా," అన్నాడు చిన్నపిల్లాడిలాగా.

"పాటలన్నీ నీకే. జెస్సికా కత్తిరించి ఇస్తాది. నీ పిల్లోళ్ళు టీవీలో పెట్టుకోని పాడుకోనీ. ప్రార్థనలు మాత్రం వద్దు అప్పా."

ఆ సాయంత్రం జెస్సికా పాటలు వేరు చేసి, పాత ఫోనును ఆ అకౌంటు నుంచి విడదీశాక అతనే తన ఫోను తీసి, వదిన చూస్తుండగా ప్రార్థనలన్నీ తుడిచాడు. చెత్తబుట్టలో మిగిలినవి కూడా తుడవాలని జెస్సికా అంటే, అవీ తుడిచాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో రుద్దుకున్నాడు. "బస్టాండు దాకా దింపుతా, ఎక్కు వదినా," అన్నాడు.

ఇప్పుడు ఆయన ప్రార్థనలు ఉన్నది పొంగిన ఫోను ఒక్కదానిలోనే. జెస్సికా ఆదివారానికి వచ్చి తాళం పెట్టిస్తానంది. కానీ ప్రేమకుమారికి ఇంకో గడప మిగిలి ఉంది. శుక్రవారం కోయిలకుంట్ల ఆటో ఎక్కింది.

రామసుబ్బమ్మ మిద్దె ముందర కూర్చుని శెనగలు చెరుగుతోంది. మనిషి చిక్కింది. జాకెట్టు ఒక పక్క వదులుగా ఉంది. తలెత్తకుండానే పలకరించింది.

"ఏం ప్రేమమ్మా, ఒట్టి చేతుల్తో వచ్చినావే? మైకు తెచ్చుకోలేదా?"

ప్రేమకుమారి పక్కనున్న ఇంకో చాట అందుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ చెరుగుతూ కూర్చున్నారు. పొట్టు గాలికి ఎగిరిపోతోంది. కుప్ప సగమయ్యాక ప్రేమకుమారి నోరు విప్పింది. ఫోను పాడవడం, జయప్రకాష్ తుడవడం, జెస్సికా చెప్పిన తాళం సంగతి చెప్పింది.

"ఇప్పుడు ఈ ఒక్క ఫోనులోనే ఉండాది అక్కా. ఉంచమంటావా, తుడిచెయ్యమంటావా? తుడిచెయ్యమంటే ఈడనే, నీ ముందరే తుడిచేస్తా."

"ఏందీ, నా నెత్తిన పెడతాండావా?"

"లోపలుండేది నీదే గదా."

రామసుబ్బమ్మ చాట కింద పెట్టింది. "ఆ పొద్దు ఇంటికొచ్చి మా ఆయన ఏమన్నాడో తెలుసునా? ఇన్నేండ్లు నా పక్కన ఉండి, కండక్టరుకు చెప్పుకున్నావా, అన్నాడు. తిట్టలేదమ్మా. ఏడ్చినాడు. తిట్టినా బాగుండు. నేనేమీ దాచిపెట్టుకోలే. శివరాత్రికి యాగంటికి పోతాం గదా, ఆడ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్దామనుకుంటి. ఎట్ల చెప్పాల్నో మాటలు కూడా ఏరిపెట్టుకుంటి, ఆయన బెదరకుండా. ఆ మాటలు అట్లనే నోట్లో ఉండిపాయ. ఇప్పటికీ వంట చేసేటప్పుడు నాలిక మీదికి వస్తాంటాయి. ఎవరికి చెప్పేది?"

ప్రేమకుమారి కొంగులోంచి ఫోను తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

"కండక్టరన్న ఆ పొద్దు నా గురించి ఏమన్నాడో పెట్టు," అంది రామసుబ్బమ్మ. "సిగ్గుతో చెవులు మూసుకుపోయి సగం వినలే."

ప్రేమకుమారి శబ్దం తగ్గించి పెట్టింది. రెండు తలలూ ఫోను మీదికి వంగాయి. ఆ పొద్దు మైకులో పోయిన మాటలే వచ్చాయి, వాటి వెనక ఆమె చెవిన పడని ఇంకొన్ని వచ్చాయి. "...ఆమె బాధ ఆమె నోటితోనే మొగునికి చెప్పుకునే ధైర్యమియ్యి తండ్రీ. మేమెవ్వరం మధ్యలో రాకుండా చూడు."

రామసుబ్బమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "బాగనే అడిగినాడు మా అన్న. ఆయన తమ్ముడే ఇనలేదు." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ చెవి పెట్టింది. "అవునుగానీ, వెనకాల ఆ సరసర ఏందీ?"

ప్రేమకుమారి తెల్లబోయి ఫోను దగ్గరికి తీసుకుంది. ఇన్నాళ్ళూ తను ఊడుస్తూ విన్నది, ఆగినప్పుడు పేర్ల మీదే ధ్యాస, అందుకే చెవిన పడలేదు. ఆయన గొంతు వెనక, మొదటి నుంచి చివరి దాకా, ఆగకుండా ఒక చప్పుడు. సర్ర్, సర్ర్.

"నా పొరక," అంది. ఫోనును చెవికి ఆనించుకుంది.

రంగయ్య దొడ్లోంచి వచ్చి ఇద్దరినీ చూశాడు. లోపలికి పోతూ, "ఎండలో వచ్చినాది. ఆయమ్మకు కాఫీ ఇచ్చినావా లేదా?" అన్నాడు.

"తుడవొద్దు," అంది రామసుబ్బమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ. "అయితే తాళం నీ ఒక్కదాని దగ్గరుంటే ఒప్పుకోను. ఇంకో మరిది వచ్చి అడిగితే మెత్తబడతావు నువ్వు. ఆరు మాటలన్నావే, సగం నావి."

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే తొలి ఆటోలో దిగింది రామసుబ్బమ్మ. రాత్రే వచ్చిన జెస్సికా వసారాలో కొత్త ఫోను పట్టుకుని కూర్చుంది. పాత ఫోనులోని పొద్దులన్నీ దాంట్లోకి దిగాయి. ఇక తాళం వేయడమే మిగిలింది.

"ఒకసారి వేసినాక, ఫోను మారినప్పుడు తప్ప ఈ మాటలతో పని లేదు. రోజూ వినడానికి చిన్న నంబరు చాలు. కానీ ఇంకో ఫోనులో తెరవాలంటే మీరిద్దరూ ఉండాల. అత్త ఒక్కతే తెరవలేదు, పెద్దమ్మ ఒక్కతే తెరవలేదు," అంది జెస్సికా.

"నేను సస్తే?" అంది రామసుబ్బమ్మ.

"సచ్చేలోగా మీ కోడలు వర్షిణికి చెప్పి సావు," అంది ప్రేమకుమారి.

"దాని నోట్లో నువ్వుగింజ నానదు! మా ఆయనకు చెప్తాలే. ఎట్లయినా ఆయనకు చెప్పాల్సిన మాటలే."

ప్రేమకుమారి ముందు తన మూడు మాటలు కొట్టింది. తనకూ, వినడానికి ఇక లేని మనిషికీ తప్ప ఎవరికీ తెలియని మాటలు. జెస్సికా తల తిప్పుకుంది. తర్వాత ఫోను రామసుబ్బమ్మ చేతికొచ్చింది. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కోవడం చూసి జెస్సికాకు నవ్వొచ్చింది. "ఈ మైకు బొమ్మ నొక్కి చెప్తే అదే రాసుకుంటాది, కానీ వద్దులే."

"మళ్ళీ మైకా!" అని ఆమె ఫోను వదిలేయబోయింది. ముగ్గురూ పక్కిల్లు లేచేటట్టు నవ్వారు.

రామసుబ్బమ్మ వేలు అక్షరం అక్షరం మీద ఆగుతూ నడిచింది. పెదవులు కదులుతున్నాయి. ప్రేమకుమారి ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. యాగంటి మెట్ల మీద చెప్పకుండా మిగిలిపోయిన మాటలు ఏవో ఆమె చూడలేదు. చూడాలనీ అనిపించలేదు.

"ఇంకోసారి కొట్టమంటాంది. చెవుడా ఏందీ దీనికి?"

"సరిగా చెప్పినారా లేదా అని అడుగుతుంది పెద్దమ్మా."

మళ్ళీ ఇద్దరూ కొట్టారు. కాసేపటికి ఫోనులో చిన్న పచ్చగీత వచ్చింది. యెషయా ప్రార్థించిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా తాళం కిందికి పోయాయి. పాత ఫోను లోపలిదంతా జెస్సికా తుడిచేసింది. "మిగతావాళ్ళ సంగతి?" అంది.

"వాళ్ళది వాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళకే వినిపిస్తా. ఇంకొకరికి వినిపియ్య," అంది ప్రేమకుమారి.

తెల్లవారింది. వసారాలో చాప పరిచి ఉంది. రామసుబ్బమ్మ కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. "ఒక పొద్దు పెట్టు, ఇందాం. నాది వద్దు, నీ గురించి కూడా అడిగింటాడు గదా, అది పెట్టు."

తన గురించి అడిగిన పొద్దు ఒకటి ఉందని ప్రేమకుమారికి తెలుసు. వాకిట్లో పొరకతో నిలబడి ఒకసారి విని, పూర్తిగా వినలేక ఆపేసింది. ఇప్పుడు దాన్నే వెతికి పెట్టింది. లేవబోయి, అలవాటుగా మూలనున్న పొరక వైపు చూసింది. రాత్రి గాలికి కానుగపూలు వాకిలంతా రాలి తెల్లగా, లేత ఊదాగా పరుచుకున్నాయి. కాసేపు చూసి, మళ్ళీ చాప మీద కూర్చుంది.

వీధిలో నీళ్ళబిందెతో పోతున్న ఎదురింటి వినీత ఆగి గేటు మీంచి తొంగిచూసింది.

"ఏమక్కా, ఈ పొద్దు వాకిలి ఊడ్వలేదే?"

యెషయా గొంతు మెల్లగా మొదలైంది. దాని వెనకే సర్ర్, సర్ర్ మని పొరక.

"ఊడుస్తాండా కదమ్మా," అంది ప్రేమకుమారి, కదలకుండానే.